మిల్లు ఆగినా ఎదుగుదల ఆగదు

బోధన్ శక్కర్‌నగర్‌లో ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్లినా మాటలు చివరికి కార్ఖానా దగ్గరికే చేరతాయి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడిన నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు యాజమాన్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో మూతపడింది. ఆ తర్వాత మేము పరామర్శకు వెళ్లిన ఇంట్లో యాభై దాటిన కార్మికుడొకరు అన్నమాట ఇది: ‘అయ్యగారూ, జీతం పోయిందని కాదు. ఇంక నేను ఎవ్వరి అక్కరకూ రాననిపిస్తున్నది.’ మేము ప్రార్థించి, చాయ్ తాగి వచ్చేశాం. ఆ మాటకు మాత్రం జవాబు చెప్పలేకపోయాం.

ఆ బాధను అర్థం చేసుకోవడానికి మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్‌సన్ (1902–1994) సాయపడతాడు. ఎదుగుదల యవ్వనంతో ఆగిపోదని, అది ఊయల నుంచి వృద్ధాప్యం వరకు ఎనిమిది దశల ప్రయాణమని ఆయన 1950లో రాశాడు. ప్రతి దశలోనూ ఒక పెనుగులాట ఉంటుందన్నాడు.

ఏడ్చినప్పుడు ఎత్తుకునే చేతులుంటే చంటిబిడ్డకు లోకం మీద నమ్మకం కలుగుతుంది. అన్నం తానే తింటానని మారాం చేసే రెండేళ్ల పిల్లవాడు స్వతంత్రత నేర్చుకుంటున్నాడు. ఆటల్లో చొరవ, బడిలో ‘నాకూ చేతనవును’ అనే ధైర్యం వస్తాయి. కౌమారంలో ‘నేనెవరిని?’ అనే ప్రశ్న తలెత్తుతుంది. యవ్వనం తోడును కోరుతుంది. భర్త గల్ఫ్‌లో, భార్య ఇక్కడ బీడీలు చుడుతూ బతికే మన జిల్లా కుటుంబాలకు ఆ ఒంటరితనం ఎంత బరువో తెలుసు. చివరి దశలో మనిషి వెనక్కి చూసుకుని తృప్తి పడతాడు, లేదా నిరాశలో కుంగిపోతాడు.

మన కార్మికుడిది ఏడో దశ. నడివయసు మనిషికి తర్వాతి తరాన్ని సాకాలని, నేర్పాలని లోపల ఆకలి ఉంటుంది. అది తీరకపోతే జీవితం నిలిచిన నీరవుతుంది. 1918లో అహ్మదాబాద్ మిల్లు కార్మికుల పక్షాన నిలిచినప్పుడు గాంధీజీకి 48 ఏళ్లు. ఆ సమ్మెను కేంద్రంగా చేసుకుని ఎరిక్‌సన్ 1969లో ‘గాంధీస్ ట్రూత్’ పుస్తకం వెలువరించాడు.

బైబిలుకూ ఈ ఆకలి తెలుసు. 71వ కీర్తనలో తల నెరసిన భక్తుడు, రాబోయే తరానికి దేవుని బలాన్ని చెప్పేవరకు తనను విడువవద్దని వేడుకుంటాడు. ఫరో ఎదుట నిలిచేనాటికి మోషేకు ఎనభై ఏళ్లు. అయినా మన సంఘాల్లో పెద్దవారికి ముందు వరుసలో కుర్చీ ఇస్తాం కానీ పని ఇవ్వం. కుర్చీతో గౌరవం దక్కుతుందేమో, ఆ ఆకలి తీరదు.

ఈ దశలు ఒకసారి తప్పితే మళ్లీ రాయలేని పరీక్షలు కావు. ఒక దశలో చెడింది తర్వాతి దశలోనూ బాగుపడవచ్చు. అందుకే ఆ కార్మికుని ఇంటికి మళ్లీ వెళ్లాం. ఈసారి ఓదార్పు మాటలతో కాదు, అవసరంతో వెళ్లాం. మందిరంలో నీటి మోటారు పాడైంది. చదువు మధ్యలో మానేసిన ఇద్దరు కుర్రాళ్లను వెంట తీసుకెళ్లి, ‘వీళ్లకు చూపిస్తూ బాగుచేస్తారా?’ అని అడిగాం. ఆయన లేచి, అటక మీది పనిముట్ల పెట్టె దింపమని కొడుకును పిలిచాడు.

మన వీధిలోనూ అలాంటి పెట్టె ఒకటి దుమ్ముపట్టి ఉంటుంది. వెళ్లి అడుగుదాం.