పాముల పేరు లడిగిన వైద్యుడు

అనకాపల్లినుండి మాడుగులకు పోవు మార్గమున చోడవరము కలదు. ఈ ఊరు మొదట విశాఖపట్టణము జిల్లాలోనిది; 2022వ సంవత్సరమున క్రొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. ఊరి చుట్టును చెరకు తోటలును వరిమళ్లును ఉన్నవి. పడమటి దిక్కున తూర్పుకనుమల కొండలు కానవచ్చును. చెరకు తోటలలో ఎలుకలు చేరును. ఎలుకలున్నచోటికి పాములు వచ్చును. కావున ఈ సీమ రైతునకు పాము క్రొత్తది కాదు.

కార్తికమాసమున నాగులచవితినాడు జనులు పుట్టకడకు పోయి పాలుపోసి మ్రొక్కుదురు. మఱునాడు పెరటిలో పాము కనబడినచో కఱ్ఱతో కొట్టి చంపుదురు. భక్తియు భయమును రెండును కలవు గాని, కనబడిన పాము ఏ జాతిదో తెలిసినవారు తక్కువ. ఆ తెలియమి ప్రాణములకే ముప్పు తెచ్చుచున్నది.

ఈ సంగతిని చాలకాలము క్రిందటనే గ్రహించిన వైద్యు డొకడు కలడు. ఆయన పేరు ప్యాట్రిక్ రస్సెల్. స్కాట్లండు దేశమున పుట్టి, సిరియాలోని అలెప్పో నగరమున పెక్కేండ్లు వైద్యము చేసెను. తన సోదరుడు విశాఖపట్టణమున కంపెనీ కొలువులో నియమింపబడగా, ఆయనతో కూడ 1781లో ఈ దేశమునకు వచ్చెను. 1785లో ఈస్టిండియా కంపెనీవారు రస్సెల్‌ను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి.

ఆ కాలమున పాము కఱచినవానికి మంత్రము వేయుదురు. లేదా మాత్ర మ్రింగింతురు. కఱచినది విషములేని పామైనచో రోగి తనంత తానే కోలుకొనును. కీర్తి మాత్రకు దక్కును. కఱచినది విషసర్పమైనచో రోగి మరణించును. నింద విధికి పోవును. ఏది విషసర్పమో తెలియనిదే ఏ మందు పనిచేసినదో ఎట్లు తెలియును? అందుచేత రస్సెల్ పాములను తెప్పించి, వాటి కోఱలను, పొలుసులను శ్రద్ధగా పరిశీలించెను. కోళ్లను, కుక్కలను కఱపించి విషబలమును పరీక్షించెను. పల్లెవారు ఏ పామును ఏ పేరున పిలుతురో అడిగి, ఆ తెలుగు పేరులనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. ఆయన గ్రంథము 1796లో లండనులో అచ్చుపడినది.

అందు రక్తపింజరికి ఉన్న పేరు ‘కాటుకరేకులపొడ’. కాటుక పెట్టిన రేకులవంటి మచ్చలు కలదని భావము. తరువాత శాస్త్రజ్ఞులు ఆ పామునకు రస్సెల్ పేరునే పెట్టిరి. పసుపు, నలుపు పట్టెలు గల వేఱొక పామును పల్లెవారు ‘బంగారుపాము’ అనిరి. ఆ మాటనుండియే 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదెన్ కట్లపాముల ప్రజాతికి ‘బుంగారస్’ అను నామమును కూర్చెను.

ఆ తెలుగు మాట సముద్రమును దాటి దీవులకు పోయినది. ఉత్తరాంధ్రమునుండి వలసపోయిన కుటుంబములు పెక్కు నివసించు అండమాను దీవులలో ఒక ప్రత్యేకమైన కట్లపాము కలదు. దాని శాస్త్రనామము ‘బుంగారస్ అండమానెన్సిస్’. చుట్టును సముద్రముండుటచే దీవిలోని పాములు ఇతర భూములలోని వాటితో కలియజాలవు. తరతరములు గడచిన పిమ్మట వేఱుజాతులగును. అండమానులలో నాగుపామును వేఱు జాతియే. రక్తపింజరి అచట లేనేలేదు. కావున ఒక చోటి పాములను గూర్చిన తెలివి వేఱొక చోటికి చాలదు. ఏ ఊరివారు ఆ ఊరి పాములను తెలిసికొనవలెను.

మన పొలములలో ముఖ్యముగా నాలుగింటిని గుర్తింపవలెను. నాగుపాము పడగ విప్పును. కట్లపాము నల్లనిది, మేనిపై సన్నని తెల్లని కట్లుండును. అది రాత్రివేళ తిరుగుచు నేలపై నిద్రించువారిని కఱచును. ఒక్కొక్కప్పుడు నొప్పియైన తెలియదు. ఈ రెండింటి విషము నరములకు తగులును, కనుఱెప్పలు వాలును, ఊపిరి నిలుచును. రక్తపింజరి మేనిపై గొలుసువంటి మచ్చల వరుసలుండును, గట్టిగా బుసకొట్టును. చిన్నపింజరి తన పొలుసులనే రాచి ఱంపపుకోతవంటి ధ్వని చేయును. ఈ రెండింటి విషమువలన నెత్తురు గడ్డకట్టు గుణము చెడును.

జెఱ్ఱిపోతు పొడవైనదే గాని విషములేనిది. ఎలుకలను తిని పంటను కాపాడు ఈ పామును నాగుపామని భ్రమించి చంపుదురు. మాడుగుల ప్రాంతపు కొండలవైపు గిరినాగు కనబడుచుండును. విషసర్పములలో దానికంటె పొడవైనది లేదు. అది ముఖ్యముగా ఇతర పాములనే తినును. ఆకులు కుప్పచేసి గూడు కట్టి గ్రుడ్లుపెట్టును. మనుష్యుని చూచిన తొలగిపోవుటకే యత్నించును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించుచున్నది.

రస్సెల్ 1805లో మరణించెను. అప్పటికి పాముకాటునకు నిజమైన మందు లేదు. 1890వ దశకమున ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్ విషమునకు విరుగుడు మందు సిద్ధము చేసెను. గుఱ్ఱమునకు విషమును కొలదికొలదిగా ఎక్కించి, దాని నెత్తుటినుండి ఈ మందు తీయుదురు. మన దేశమున తయారగు మందు పైని చెప్పిన నాలుగు పాముల విషమునకును పనిచేయును.

మందున్నను మరణములు ఆగలేదు. 2000 మొదలు 2019 వఱకు భారతదేశమున సుమారు 12 లక్షలమంది పాముకాటుచే మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన తెలుపుచున్నది. వారిలో పెక్కురు పల్లెవారు. ఆసుపత్రికి చేరక ఇంటిలోనే మరణించినవారే ఎక్కువ. పాము కఱచినప్పుడు గాయమును కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. కాటుపడిన కాలిని గాని చేతిని గాని కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. పామును చంపి తీసికొనిపోవుటకై కాలము పోగొట్టుట ప్రమాదకరము. దాని రూపము చెప్పగలిగిన చాలును. రాత్రి చెరకు తోటకు పోవునప్పుడు దీపము, పాదరక్షలు ఉండవలెను. నేలపై గాక మంచముపై దోమతెర కట్టుకొని పరుండవలెను.

అలెప్పోలో పేరుపొందిన వైద్యుడు తెలుగు పల్లెవానిని ‘ఈ పాము పేరేమి?’ అని అడుగుటకు సిగ్గుపడలేదు. పల్లెవాడు చెప్పిన మాట దేశదేశముల గ్రంథములకెక్కినది. ఆ పేరు పుట్టిన నేలపై పెరుగు పిల్లలు ఆ పామును గుర్తింపలేకపోవుట తగదు. పేరు తెలిసిన పామును చూచినవాడు వెఱ్ఱిభయమునకు లోనుగాడు. కాలము వ్యర్థము చేయడు. తన ప్రాణము దక్కించుకొనును. నిర్విషమైన పాము ప్రాణమును కాపాడును.