అద్దెయింటి వెల్ల ఎవరి బాధ్యత?

పెద్దలారా,

అద్దెకున్నవారు ఇల్లు ఖాళీచేయునపుడు గోడలకు వెల్ల వేయింపవలసినవా రెవరు? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. కాని అడ్వాన్సు సొమ్ము తిరిగి యిచ్చునాడు దీనివలననే మాటలు పెరుగును. తగవు తుదకు మీ యరుగుమీదికే వచ్చును.

మొదట శాసన మేమనుచున్నదో చూతము. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ప్రకారము, అద్దెకున్నవాడు ఇంటిని తాను పుచ్చుకొన్ననాటి స్థితిలోనే తిరిగి అప్పగింపవలెను. అయితే న్యాయమైన వాడుకవలని అరుగుదలకును, అరికట్ట శక్యముగాని విపత్తువలని మార్పునకును అతడు బాధ్యుడు కాడు. ఏండ్లు గడచి వెలసిన వెల్ల అరుగుదల. వంటయింటి గోడ కొంత పొగచూరుటయు వాడుకయే. పడకగదిలో పొయ్యి పెట్టి మసి పట్టించుట మాత్రము వాడుక కాదని నా యభిప్రాయము.

2021లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు పంపిన నమూనా అద్దె చట్టము గోడల వెల్లను, తలుపుల కిటికీల రంగును ఇంటి యజమాని పనులలోనే చేర్చినది. అది నమూనా మాత్రమే. రాష్ట్రము శాసనముగా చేసికొన్నపుడే కట్టుబాటగును.

ఇక మన ఉండి ప్రాంతపు గోడల సంగతి. ఇది గోదావరి పశ్చిమ డెల్టాలోని పల్లపు నేల. చుట్టును కాలువలు, వరిచేలు, చేపల చెఱువులు. వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక నేలలోని చెమ్మను పైకి పీల్చును. ఆ నీటిలోని ఉప్పు గోడపై తెల్లగా పొటమరించి సున్నమును పెచ్చులుగా రాల్చును. గోడ అడుగుభాగమున నిట్టి పెచ్చు లూడినచో అది పునాది లోపము. కాపురమున్నవాని తప్పు కాదు. దానిపై తొందరపడి ప్లాస్టిక్ రంగు పూసినచో చెమ్మ లోపల చిక్కుకొని కొలదికాలములోనే బొబ్బలెత్తును. అడ్వాన్సుకొఱకు కప్పిన చెమ్మ తరువాత వచ్చువాని నెత్తిన పడును.

వెల్ల వేయింపవలసియే వచ్చినచో, కాలువలు కట్టివేసిన వేసవిదినములు మేలు. ముందుగా ఉప్పును, పెచ్చులను గీకి, గోడను ఆరనీయవలెను. కిలో పొడిసున్నమునకు సుమారు 5 లీటర్ల నీరు చొప్పున విరిపి, 24 గంటలు ఊరనిచ్చి, గుడ్డతో వడకట్టి, వేడినీట కరగించిన బంకను కలుపవలెను. విరియునపుడు సున్నము మిక్కిలి వేడెక్కి చిందును గనుక కన్నులు జాగ్రత్త. ఒక పూత ఆరిన పిదపనే రెండవది వేయవలెను. లోగడ ప్లాస్టిక్ రంగు వేసిన నున్నని గోడకు సున్నము పట్టదు.

పై చట్టములో ఇంకొక మాట గలదు: వేఱు ఒడంబడికగాని స్థానికాచారముగాని లేనపుడే ఆ నియమములు చెల్లును. స్థానికాచార మేదో చెప్పవలసినవారు మీరే. కావున మీ మాటకు బరువున్నది. సంక్రాంతికి కాపురమున్నవారు తమ ముచ్చటకొలది వెల్ల వేసికొనుట వేఱు, వెడలునపుడు బాకీవలె వేయించుట వేఱు. మొదటిదానిని చూపి రెండవదానిని ఆచార మనరాదు.

తగవు రాకుండుటకు ఉపాయము సులభమైనదే. ఇల్లు చేరునాడే గదివారీగా గోడల స్థితి, వెనుకటి వెల్ల వేసిన నెల, వెడలునపుడు ఖర్చు ఎవరిది, ఎంత అను విషయములు రెండు ప్రతులలో వ్రాసి ఇరువురును సంతకములు చేయవలెను. చేతిఫోనుతో గోడల ఫొటోలు తీసి యుంచుకొనవలెను. ఆ కాగితము లేక వచ్చిన తగవులో, గోడను స్వయముగా చూడక తీర్పు చెప్పవలదని మిమ్ము వేడుచున్నాను.