డీజిల్ పికప్ వాహనంలో గేర్ల ఎంపిక: మాన్యువల్, ఆటోమేటిక్ విధానాల వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

డీజిల్ పికప్ కొనేవారు మాన్యువల్, ఆటోమేటిక్ గేర్లలో ఒకదాన్ని ఎంచుకునేటప్పుడు సౌకర్యాన్నీ, మైలేజీనీ, అలవాటునూ ప్రమాణాలుగా తీసుకుంటారు. బరువు మోసే వాహనం విషయంలో వీటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. బండి కదిలే క్షణంలో పుట్టే వేడిని ఏ భాగం భరిస్తుంది, ఆ వేడి ఎటు పోతుంది అన్నదే ఆ ప్రశ్న. ‘ఆటోమేటిక్’ అనే ఒకే మాట వేర్వేరు యంత్రాలకు పేరు కావడం వల్ల ఈ ప్రశ్న మరుగున పడుతున్న తీరును ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: డీజిల్ పికప్, క్లచ్, టార్క్ కన్వర్టర్, ఏఎంటీ, ఘాట్ రోడ్డు, ఇంజిన్ బ్రేకింగ్.

1. ఉపోద్ఘాతం

తెలుగు వాడుకలో ‘పికప్’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వెనుక తెరిచిన తొట్టి ఉండే వాహనం ఒకటి. బండి వేగం అందుకునే తీరు రెండవది. “బండికి పికప్ లేదు” అన్నప్పుడు వాహనం పేరు కాదు, దాని లాగుడు శక్తి ప్రస్తావనకు వస్తుంది. ఈ రెండు అర్థాలూ కలిసే చోటే గేర్ల ఎంపిక సమస్య ఉంది. లాగడం కోసమే పుట్టిన వాహనంలో ఇంజిన్ శక్తిని చక్రాలకు ఏ దారిలో చేర్చాలన్నది ఇక్కడి విషయం.

మదనపల్లె టమాటా మార్కెట్‌కో, భీమవరం ప్రాంతపు చెరువుల వద్దకో వచ్చే బొలెరో పికప్, దోస్త్ వంటి సరుకు బళ్ల యజమానులకు ఈ ఎంపిక దాదాపుగా లేదు. అవి మాన్యువల్ గేర్లతోనే వస్తున్నాయి. రెండు విధానాలూ దొరికేది టొయోటా హైలక్స్, ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ వంటి పెద్ద పికప్‌లలో. వీటిలో రెండవది తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారంలో తయారవుతోంది. పాతిక లక్షలకు పైబడి ఖర్చు పెట్టే ఇటువంటి కొనుగోలులో గేర్ల నిర్ణయం పొరపాటైతే దాన్ని సరిదిద్దుకోవడానికి బండినే మార్చాలి. టైర్లలాగా, సీట్ల కవర్లలాగా గేరుబాక్సును తరువాత మార్చుకునే వీలు ఆచరణలో లేదు.

2. ఒకే మాట, వేర్వేరు యంత్రాలు

“ఆటోమేటిక్ బండి ఘాట్ ఎక్కదు, ఆగి కదిలితే వెనక్కి జారుతుంది” అనే మాట తెలుగు ప్రాంతాల్లో తరచుగా వినిపిస్తుంది. ఈ అభిప్రాయానికి అనుభవపు ఆధారం లేకపోలేదు. అయితే ఆ అనుభవం ఎక్కువగా చిన్న కార్లది. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో చవక ధరకు అందుబాటులోకి వచ్చిన ఏఎంటీ విధానంలో గేరుబాక్సు మామూలు మాన్యువలే, క్లచ్ ప్లేటు కూడా మామూలుదే. ఎడమకాలు, ఎడమచేయి చేసే పనిని కంప్యూటర్ ఆదేశంతో చిన్న యంత్రభాగాలు చేస్తాయి. అంటే అందులో ఆటోమేటిక్ అయినది డ్రైవర్ పని మాత్రమే, శక్తి ప్రసరించే దారి మారలేదు.

పైన పేర్కొన్న పికప్‌లలోని ఆటోమేటిక్ అలాంటిది కాదు. అందులో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య క్లచ్ ప్లేటు స్థానంలో నూనెతో నిండిన టార్క్ కన్వర్టర్ ఉంటుంది. దానికి మూలమైన ఆలోచనకు జర్మన్ ఇంజినీర్ హెర్మన్ ఫాటింగర్ 1905లో పేటెంటు పొందారు. ఓడల్లో ఆవిరి టర్బైన్ వేగాన్ని ప్రొపెల్లర్‌కు తగినట్టు తగ్గించడం ఆనాటి అవసరం. భారీ బరువును ఉన్నచోటు నుంచి కదిలించే అవసరంలోంచి పుట్టిన ఈ సాధనం తరువాతి కాలంలో ‘సుఖం’ అనే ముద్రతో కార్లలోకి వచ్చింది. మన వాడుకలో ఆ ముద్రే మిగిలింది. సీవీటీ, జంట క్లచ్‌ల డీసీటీ కూడా ఇదే ‘ఆటోమేటిక్’ పేరుతో చలామణిలో ఉన్నాయి. ఒకదానిలో ఎదురైన ఇబ్బందిని మరొకదానికి ఆపాదించడం ఈ పేరు వల్ల సులభమైపోయింది.

3. క్లచ్‌లో పుట్టే వేడి

ఏ ఇంజిన్ అయినా నిమిషానికి కొన్ని వందల భ్రమణాల కనీస వేగం లేనిదే నడవదు. ఆగి ఉన్న చక్రం వేగం సున్నా. ఈ రెండింటి మధ్య తేడాను కొంతసేపు ఏదో ఒక భాగం జారుతూ భరించాలి. మాన్యువల్ బండిలో ఆ భాగం క్లచ్ ప్లేటు. డ్రైవర్లు ‘హాఫ్ క్లచ్’ అని పిలిచే స్థితి ఇదే. ప్లేటు జారుతున్నంతసేపూ ఘర్షణ వేడిగా మారుతుంది.

ఆ వేడి ఎంత ఉంటుందో ఒక లెక్కతో చూడవచ్చు. సరుకుతో కలిపి 3000 కిలోల బరువున్న పికప్, ప్రతి 100 మీటర్లకు 15 మీటర్లు ఎత్తు పెరిగే వాలులో, బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీదే నిలిచి ఉందనుకుందాం. అది వెనక్కి జారకుండా ఆపడానికి దాదాపు 4360 న్యూటన్ల బలం కావాలి. చక్రపు వ్యాసార్ధం 0.38 మీటర్లు, మొదటి గేరులో మొత్తం తగ్గింపు 17 రెట్లు అనుకుంటే క్లచ్ వద్ద అవసరమయ్యే టార్క్ సుమారు 97 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ నిమిషానికి 1200 సార్లు తిరుగుతుంటే ప్లేటు మీద పుట్టే వేడి దాదాపు 12 కిలోవాట్లు. ఇళ్లలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు ఆరింటిని ఒక పళ్లెమంత ప్లేటు దగ్గర ఒకేసారి వెలిగించినట్టు. బండి అంగుళం కూడా కదలలేదు. నాలుగైదు సెకన్లలో కదిలిపోతే ప్లేటు తట్టుకుంటుంది. ఘాట్‌లో ట్రాఫిక్ ఆగి అడుగు అడుగుగా జరిగితే ఆ సెకన్లు నిమిషాలవుతాయి. ‘క్లచ్ వాసన’ అని అందరూ గుర్తుపట్టే వాసన అప్పుడే వస్తుంది. హ్యాండ్ బ్రేకు పట్టుకుని, క్లచ్ అందుకున్నాకే దాన్ని వదిలే డ్రైవర్ చేతిలో ఇదే ప్లేటు ఏళ్ల తరబడి మన్నుతుంది. కాబట్టి మాన్యువల్ పికప్‌లో క్లచ్ ఆయుర్దాయం కంపెనీ మీద కన్నా నడిపే మనిషి ఎడమకాలి మీద ఎక్కువ ఆధారపడుతుంది.

దీనికి మాన్యువల్‌లో ఒక మంచి విరుగుడు ఉంది. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే పికప్‌లలో ఉండే లో-రేంజ్ వేస్తే తగ్గింపు మరో రెండున్నర రెట్లు పెరిగి క్లచ్ మీద భారం ఆ మేరకు పడిపోతుంది. కానీ ఈ బళ్లలోని నాలుగు చక్రాల ఏర్పాటులో ముందు, వెనుక ఇరుసులు కలిసి బిగుసుకుంటాయి. పొడిగా ఉన్న తారు రోడ్డు మలుపుల్లో దాన్ని వాడితే లోపలి భాగాలు మెలితిరిగి దెబ్బతింటాయి. బురద పొలంలో, ఇసుకలో పనికివచ్చే ఈ సదుపాయం తారు వేసిన ఘాట్ రోడ్డు మీద ఆదుకోదు.

4. నూనె భరించే వేడి

టార్క్ కన్వర్టర్‌లోనూ వేడి పుడుతుంది. పుట్టదనుకోవడం పొరపాటు. రెండింటికీ తేడా ఆ వేడి వెళ్లే దారిలో ఉంది. ఇంజిన్ తిప్పే రెక్కల చక్రం నూనెను విసురుతుంది, ఆ నూనె ఎదురుగా ఉన్న రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. తిరిగివచ్చే నూనెను మధ్యలోని స్థిరచక్రం దారి మళ్లించడం వల్ల, బండి కదిలే సమయంలో ఇంజిన్ ఇచ్చిన టార్క్ దాదాపు రెట్టింపై గేర్లకు అందుతుంది. రాపిడికి అరిగే ప్లేటు ఇక్కడ లేదు. వేడెక్కిన నూనె కూలర్‌లోకి వెళ్లి చల్లబడి తిరిగి వస్తుంది. వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ రెండు చక్రాలనూ కలిపేస్తుంది కనుక, పాత ఆటోమేటిక్‌లలో ఉండిన ఇంధన నష్టం చాలావరకు తగ్గింది.

డీజిల్ ఇంజిన్‌కు ఇందులో మరో లాభం ఉంది. డీజిల్ తక్కువ భ్రమణ వేగంలోనే ఎక్కువ టార్క్ ఇస్తుంది, కానీ ఆ బలం ఉండే వేగాల పరిధి ఇరుకు. వి-క్రాస్‌లోని 1.9 లీటర్ల ఇంజిన్ 360 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్ ఇచ్చేది 2000 నుంచి 2500 భ్రమణాల మధ్య. మాన్యువల్‌లో గేరు మార్చే క్షణంలో శక్తి తెగి టర్బో ఒత్తిడి పడిపోతుంది, ఎగువకు వెళ్లే బరువు బండి ఆ కాస్త వ్యవధిలోనే వేగం కోల్పోతుంది. ఆటోమేటిక్ గేరు మార్పులో శక్తి దాదాపుగా తెగదు.

నూనె మీద ఆధారపడటానికి మూల్యమూ ఉంది. ఇసుకలో చాలాసేపు ఇరుక్కుని యాక్సిలరేటర్ తొక్కినా, లాకప్ కలవని నెమ్మది వేగంలో గంటల తరబడి బరువు లాగినా నూనె గుణం చెడుతుంది. చెడిన నూనె లోపలి వాల్వులనూ క్లచ్‌లనూ పాడుచేస్తుంది. క్లచ్ ప్లేటు వాసనతో ముందే హెచ్చరిస్తుంది. నూనె చాలాకాలం మౌనంగా చెడుతుంది.

5. తయారీదారుల అంకెలు

“కష్టమైన పనికి మాన్యువలే” అనే పాత నమ్మకాన్ని పరీక్షించడానికి కంపెనీలు ప్రకటించిన అంకెలే చాలు. హైలక్స్‌లోని 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్ రెండు విధానాల్లోనూ 204 హార్స్‌పవర్ స్థాయి శక్తినే ఇస్తుంది. టార్క్ మాత్రం మాన్యువల్‌లో 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌లో 500. ఇంజిన్ ఒకటే అయినా మాన్యువల్ బండిలో దాన్ని కొంత కట్టడి చేసి అమ్ముతున్నారన్నమాట. వి-క్రాస్‌లో రెండింటికీ 360 న్యూటన్ మీటర్లే కనుక అక్కడ ఈ వాదన చెల్లదు.

పికప్ సంస్కృతికి పుట్టినిల్లయిన అమెరికాలో ఈ అంతరం మరింత పెద్దది. 2018 నాటి రామ్ భారీ పికప్‌లో 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్ మాన్యువల్ గేర్లతో దాదాపు 895 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, అదే ఇంజిన్ ఐసిన్ ఆటోమేటిక్‌తో 1260 దాకా ఇచ్చేది. మరుసటి ఏడాది మోడల్‌తో రామ్ మాన్యువల్‌ను తీసివేసింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ తమ భారీ డీజిల్ పికప్‌లలో అంతకుముందే ఆ పని చేశాయి. కొనేవారి అభిరుచి మారడం ఒక్కటే దీనికి కారణమని చెప్పడం సరికాదు. పెరుగుతున్న టార్క్‌ను పట్టి ఉంచాలంటే క్లచ్ స్ప్రింగులు బిగువవ్వాలి, పెడల్ బరువెక్కాలి. మనిషి కాలికి ఒక హద్దు ఉంది.

6. ఘాట్ దిగేటప్పుడు

ఎక్కడంలో ఆటోమేటిక్‌కు ఉన్న మొగ్గు దిగడంలో కనిపించదు. యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు ఇంజిన్‌లో గాలి దారి మూసుకుపోయి బండిని కొంత ఆపుతుంది. డీజిల్‌లో అంతటి ఆటంకం ఉండదు కనుక తక్కువ గేరులో ఇంజిన్‌ను వేగంగా తిప్పిస్తేనే అది బండిని నిలువరిస్తుంది. “ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు” అని పాత లారీ డ్రైవర్లు కొత్తవారికి చెప్పే మాటలోని శాస్త్రం ఇదే. మాన్యువల్‌లో ఈ నియమం చేతి అలవాటుగా అబ్బుతుంది. ఆటోమేటిక్‌ను ‘డి’ స్థానంలో వదిలేసి అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగితే, గేరుబాక్సు పై గేరుకు వెళ్లిపోయి భారమంతా బ్రేకుల మీద పడవచ్చు. అప్పుడు వేడెక్కేది క్లచ్ కాదు, బ్రేకులు. క్లచ్ కాలితే బండి ఆగిపోతుంది, బ్రేకులు మాడితే బండి ఆగదు. ఈ బళ్లలో డ్రైవరే గేరును ఎంచుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. దాన్ని వాడటం తెలియకపోవడమే చిక్కు. షోరూములో తాళాలు అందించేటప్పుడు పాటల వ్యవస్థ గురించి చెప్పినంత వివరంగా దీని గురించి చెప్పడం అరుదు.

7. మరమ్మతు, నడిపేవారు

క్లచ్ ప్లేటు మార్చడం మండల కేంద్రంలోని మెకానిక్ షెడ్డులోనూ జరిగే పని. ఆటోమేటిక్ గేరుబాక్సు లోపలి వాల్వుల మరమ్మతుకు పెద్ద నగరానికి వెళ్లక తప్పదు. దారిలో బండి ఆగినప్పుడు తేడా ఇంకా తెలుస్తుంది. బ్యాటరీ బలహీనపడిన మాన్యువల్ బండిని నలుగురు తోసి స్టార్ట్ చేయవచ్చు, ఆటోమేటిక్‌ను చేయలేరు. ఇంజిన్ ఆగి ఉండగా ఆటోమేటిక్‌ను వెనుక చక్రాల మీద లాక్కుపోతే పంపు పనిచేయక, నూనె అందక గేర్లు పాడవుతాయి కాబట్టి దాన్ని ఎత్తి తీసుకెళ్లాలి. అయితే మాన్యువల్ మరమ్మతు ఎప్పుడూ చవకే అన్న నమ్మకానికీ హద్దుంది. డీజిల్ కంపనాలను తగ్గించడానికి కొన్ని బళ్లలో వాడే రెండు ముక్కల ఫ్లైవీల్‌ను మార్చవలసి వస్తే ఖర్చు క్లచ్ ప్లేటుతో పోని స్థాయికి చేరుతుంది.

ఈ దృష్టితో చూస్తే బండిని ఎక్కడ నడుపుతారన్న ప్రశ్నతో పాటు ఎవరు నడుపుతారన్నదీ ముఖ్యమవుతుంది. యజమానే నడిపి, మంచి సర్వీసు కేంద్రానికి చాలా దూరంలో ఉండి, పొలం దారులే ఎక్కువైతే లో-రేంజ్ ఉన్న మాన్యువల్ నమ్మదగినది. జీతపు డ్రైవర్లు తరచుగా మారుతూ, బరువుతో తారు ఘాట్లు ఎక్కే పని ఉంటే, ఒక్కొక్కరి ఎడమకాలికీ ఒక్కొక్క క్లచ్ ప్లేటు బలి పెట్టడం కన్నా టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ మేలు. అలా కొన్న యజమాని ప్రతి కొత్త డ్రైవర్‌కూ చూపవలసినవి రెండే. దిగేటప్పుడు గేరును చేత్తో తగ్గించే పద్ధతి ఒకటి, గేరుబాక్సు నూనె మార్చవలసిన గడువు రాసి ఉన్న పుస్తకంలోని పుట మరొకటి.