విమానయానము - గడియారపు లెక్క

ఒక శీతకాలపు ఆదివారము మధ్యాహ్నము మా వీథిలోని పిన్నిగారి యింటికి పోయితిమి. విస్తరి ముందు వడ్డించినది వడ్డించినట్లే యున్నది. వారి కుమార్తె శాన్‌ఫ్రాన్సిస్కోలో శనివారము రాత్రి ఎనిమిదిన్నరకు విమానమెక్కి, నడుమ నెచ్చటను దిగక, సోమవారము వేకువకు బెంగళూరు చేరవలెను. "నిన్న రాత్రే ఎక్కింది కదమ్మా! ఇంకా రేపు తెల్లవారుజామునా? నాకేదో దాస్తున్నారు" అని కంట తడిపెట్టిరి. ఓదార్చబోయితిమి గాని మాకును ఆ క్షణమున లెక్క తోచలేదు. ఇంటికి వచ్చి కాగితము ముందు వేసికొని కూర్చుంటిమి.

ఈ దారిని ఎయిర్ ఇండియా మొదటిసారి 2021 జనవరి 9న తెరచినది. ఆనాడు విమానము నడిపినవారందరును స్త్రీలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. అంతసేపు ఇద్దరే నడుపుట అలవి కాదు. వంతులవారీగా విశ్రమింపవలెను గనుక నలుగురు. కాలపట్టికలో బయలుదేరుట అచ్చటి శనివారము రాత్రి 8:30, చేరుట ఇచ్చటి సోమవారము వేకువ 3:45. వ్రేళ్లు మడచి లెక్కించిన ముప్పదియొక్క గంటలు దాటును!

కాని శీతకాలమున మన గడియారము ఆ యూరి గడియారముకంటె పదమూడున్నర గంటలు ముందుండును. అచట శనివారము రాత్రి 8:30 అనగా మనకు ఆదివారము ఉదయము 10 గంటలు. అచటినుండి లెక్కించిన 17 గంటల 45 నిమిషములే ప్రయాణము. (ఆ ఆదివారము ఏకాదశియైనచో ఉపవాసమెన్ని గంటలో పెద్దలు తేల్చవలెను, మా వలన కాదు.) వేసవిలో వారు గడియారము ఒక గంట ముందుకు త్రిప్పుదురు గావున అప్పుడు తేడా పన్నెండున్నరయే.

ఇక దూరము. బడినుండి తెచ్చిన భూగోళముపై దారము బిగించి చూచితిమి. అది పసిఫిక్ సముద్రము నడుమగా పోక, అలాస్కా మీదుగా పైకెక్కి సైబీరియావైపు దిగినది. ఆ దగ్గరి దారి సుమారు 14,000 కిలోమీటర్లు. ఆ మొదటి విమానము మాత్రము ఉత్తరధ్రువము మీదుగా సుమారు 16,000 కిలోమీటర్లు వచ్చినదని నాటి వార్తలు. చుట్టుదారి ఏల యందురా? ఎత్తున గాలి పడమటినుండి తూర్పునకు బలముగా వీచును. ఎదురుగాలిలో దగ్గరి దారియు దూరమే యగును. 2016 అక్టోబరులో ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ దారి విడిచి పసిఫిక్ మీదుగా పోయిరి. దారి 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయినను, వెనుకగాలి త్రోయుటచే పదునాలుగున్నర గంటలకే చేరిరి. కావున కిలోమీటర్లు చూచి గంటలు చెప్పరాదు.

తిరుగు ప్రయాణము మరియు వింత. శీతకాలమున ఇచట మధ్యాహ్నము 2:30కి ఎక్కి పదునారు గంటలు ఎగిరినను, అచట దిగునప్పటికి అదే దినము సాయంకాలము 5 గంటలే!

నాలుగు గంటలకు ఆ కాగితముతో మరల పిన్నిగారి యింటికి పోయితిమి. "మీ అమ్మాయి ఎక్కినది మన లెక్కకు ఈ ఉదయము పదింటికి. ఆరు గంటలే అయినది" అంటిమి. వారు కాగితము రెండుమారులు చదివి, "రాత్రి ఆ పిల్ల అక్కడ భోజనం చేసే ఎక్కి ఉంటుందిలే" అని, చల్లారిన అన్నము తీయించి వేడిగా వడ్డించుమని కోడలిని పిలిచిరి.