బత్తాయి మీద చికాగో దారి

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోన్‌లో టికెట్లు చూస్తూ నన్ను నిలదీసింది. "తాతయ్యా, శంషాబాద్ నుంచి గన్నవరానికి తిన్నగా గీత గీస్తే 260 కిలోమీటర్లే. విమానం గంటకి 900 పోతుందన్నావుగా! 18 నిమిషాల్లో దిగాలి. టికెట్ మీద గంటని ఎందుకు వేశారు?"

లెక్క సరిగ్గానే చేసింది. గడియారం ఎప్పుడు మొదలవుతుందో పిల్లకి తెలీదు, అంతే. బండి కదలకుండా చక్రానికి రాయి అడ్డం పెడతామే, అలా ఆగి ఉన్న విమానం చక్రాలకి దిమ్మలు పెడతారు. ఆ దిమ్మలు తీసింది మొదలు, అవతల దిగి మళ్లీ పెట్టేదాకా అంతా ప్రయాణమే. రన్‌వే దాకా దొర్లడం, వరసలో నిలబడటం, ఎక్కడం, దిగడం అన్నీ అందులోవే. పైగా 900 వేగం పది కిలోమీటర్ల ఎత్తున, గాలి పలచబడ్డ చోట పెద్ద జెట్ విమానాలు అందుకునేది. గన్నవరం దారిలో తరచు కనబడే ఏటీఆర్‌లు పంకాలతో పోయేవి. వాటికి 500 వస్తే గొప్ప.

"మరి చికాగోలో పెద్దమ్మ వాళ్లింటికో?"

వంటింట్లోంచి బత్తాయి తెప్పించాను. హైదరాబాద్ దగ్గరో గుండుసూది, దాదాపు అవతలి పక్కన చికాగో దగ్గర ఇంకోటి గుచ్చి, కుట్టుదారం బిగించి లాగమన్నాను. గోడ మీది పటంలోనైతే యూరప్ మీదుగా పడమటికి గీస్తాం. బత్తాయి మీద దారం మాత్రం జరిగి జరిగి తొడిమ పక్కకి, అంటే ఉత్తర ధ్రువం దగ్గరికి చేరింది. దాని పొడవు సుమారు 13,300 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిరిండియా ఇక్కణ్ణుంచి చికాగోకి ఎక్కడా ఆగకుండా విమానం వేసింది కూడా.

అయితే దగ్గరి దారే త్వరగా చేరుస్తుందని లేదు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిరిండియా మొదట అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో తూర్పుగా, పసిఫిక్ వైపు తిప్పారు. దూరం 15,300కి పెరిగింది, సమయం రెండు గంటల దాకా తగ్గింది! భూమధ్యరేఖ దగ్గర వేడి, ధ్రువాల దగ్గర చలి, మధ్యలో భూమి తిరుగుడు. ఈ మూడూ కలిసి విమానాలు ఎగిరే ఎత్తున పడమర నుంచి తూర్పుకి గాలినదులు పారిస్తాయి. గంటకి 150, 200 కిలోమీటర్ల వేగం వాటికి మామూలే. పడమటికి పోతే ఏటికి ఎదురీదినట్టే. తూర్పుకి పోతే గాలివాలు. పడవవాళ్లకి ఎప్పణ్ణుంచో తెలిసిన సంగతే ఇది.

పిల్ల సూదులు పీకేసి బత్తాయి ఒలిచింది. మొదటి తొన నోట్లో పెట్టుకుని, "ఇంతకీ బెజవాడకి విమానం బుక్ చెయ్యనా?" అంది.

2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు రాకముందైతే ఆలోచించేవాణ్ణి. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి బేగంపేటలో దిగితే ఎయిర్‌పోర్టు పక్కనే. ఇప్పుడు గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరాలి, రెండు గంటల ముందే వెళ్లి కూర్చోవాలి, గన్నవరంలో దిగి మళ్లీ ఆటో. దిమ్మల లెక్కలో ఇవేవీ రావు.

"వద్దులేవే, గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి చెయ్యి. మన లింగంపల్లిలోనే ఎక్కుతాను. కింద బెర్తు చూడు."