కొండదారిలో మూడు పోటీలు: లెస్లీ పాటర్సన్ జీవితము

ఆటలలో మునిగిన బిడ్డ చదువునకు దూరమగునని మనలో పెక్కుమంది తలిదండ్రుల భయము. కథలనియు నాటకములనియు తిరుగు బిడ్డ దేనికిని కొరగాకపోవునని మరికొందరి భయము. పరీక్షలు దగ్గరపడగానే బంతిని పెట్టెలో పెట్టి తాళము వేయు ఇండ్లను మేమెరుగుదుము. ఆ భయము అకారణమని మేమనము. బిడ్డల బ్రతుకుతెరువును గూర్చి చింతించుట పెద్దల ధర్మమే. అయినను, ఆ రెండు మార్గములను ఒక్క జీవితముననే నడపి, ఒకదాని సంపాదనతో రెండవదానిని పోషించిన ఒక స్త్రీ చరిత్రను తలిదండ్రుల యెదుట ఉంచుట ఉచితమని తలంచితిమి. ఆమె స్కాట్లండు దేశమున పుట్టిన లెస్లీ పాటర్సన్.

ఆమె వృత్తి ట్రయాథ్లాన్ అను పోటీ. ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని నడుమ విరామము లేక ఒకదాని వెంట ఒకటిగా ముగించుటయే ఈ పోటీ. తడి ఒంటితో ఒడ్డెక్కి సైకిలు నందుకొను కాలము, సైకిలు దిగి బూట్లు తొడుగుకొను కాలము గూడ లెక్కలోనికే వచ్చును. 2000 సంవత్సరమున సిడ్నీ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో దీనికి మొదటిసారి స్థానము లభించెను. ఒలింపిక్ పోటీలో ఈత 1.5 కిలోమీటర్లు, సైకిలు 40 కిలోమీటర్లు, పరుగు 10 కిలోమీటర్లు. ఈత మినహా తక్కినదంతయు రోడ్ల మీద జరుగును.

దీనికే మరియొక శాఖ కొండదారుల ట్రయాథ్లాన్. నేడు ఎక్స్‌టెర్రా అను పేర ప్రసిద్ధమైన పోటీ 1996లో హవాయి దీవులలోని మావీయందు ఆరంభమయ్యెను. ఇందు సముద్రముననో సరస్సుననో సుమారు 1.5 కిలోమీటర్లు ఈదిన పిదప, లావు టైర్ల సైకిలుపై రాళ్లు, చెట్ల వేళ్లు, బురద, ఇసుక గల బాటలలో సుమారు 30 కిలోమీటర్లు పోవలెను. ఆ మీదట అట్టి బాటలలోనే సుమారు 10 కిలోమీటర్లు పరుగెత్తవలెను. ఈ శాఖకు ఒలింపిక్ క్రీడలలో స్థానము లేదు.

ఈ రెంటికిని గల భేదము నేల మాత్రమే కాదు. ఒలింపిక్ పద్ధతి పోటీలో ముందు పోవువారు గాలిని చీల్చుకొని పోవుదురు. వెనుక గుంపుగా పోవువారికి శ్రమ తగ్గును. కనుక ఈతలో మొదటి గుంపుతో ఒడ్డు చేరనివారు ఆ తరువాత ఎంత బలముగా తొక్కినను వారిని అందుకొనుట దుర్లభము. కొండదారిలో వేగము తక్కువ, బాట ఇరుకు. ఒకరి చాటున ఒకరు దాగి పోవుటకు అంతగా వీలుండదు. అచ్చట ఎక్కుడు నెక్కగల కాళ్లు, దిగుడున చెదరని ధైర్యము కావలెను. ఒక దారిలో ఓటమికి కారణమైన లోపము మరియొక దారిలో అంత ప్రమాదము కాకపోవచ్చును. లెస్లీ జీవితమును గ్రహించుటకు ఈ ఒక్క సంగతి ముఖ్యము.

ఆమె 1980లో స్టిర్లింగ్ పట్టణమున జన్మించెను. చిన్ననాడు బాలురతో కలసి రగ్బీ ఆడెడిది. పండ్రెండేండ్ల ప్రాయమున, ఆడపిల్ల ఇక బాలుర జట్టులో ఆడరాదని ఆ తలుపు మూసిరి. అప్పుడు తండ్రి అడుగుజాడలలో ట్రయాథ్లాన్ వైపు మరలెను. పరుగున ఆమె దిట్ట. ఈత మాత్రము చాలినంత పట్టుబడలేదు. ఎంత సాధన చేసినను ఆ కొరత తీరక, రోడ్డు పోటీలలో ఆశించిన స్థానము దొరకక, ఇరువది యేండ్లు దాటిన కొలదికాలమునకే విసిగి పోటీలు వదలుకొనెను.

ఆమె చేతిలో అప్పుడు మిగిలినది చదువు. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయమున ఆమె నాటకకళ నభ్యసించెను. భర్తతో కలసి అమెరికాలోని శాన్ డియాగో నగరమునకు పోయి, అక్కడి స్టేట్ విశ్వవిద్యాలయమున అదే విషయమున ఎం.ఏ. పట్టము పొందెను. కాలిఫోర్నియా కొండలలో సైకిలు తొక్కుచు తొక్కుచు మరల పోటీలలో ప్రవేశించెను. ఈ పర్యాయము కొండదారి పోటీలలో. 2011, 2012 సంవత్సరములలో వరుసగా ఎక్స్‌టెర్రా ప్రపంచ విజేత యయ్యెను. 2012లోనే అలబామాలో జరిగిన అంతర్జాతీయ సమాఖ్య వారి కొండదారుల ప్రపంచ పోటీయందును ప్రథమస్థాన మామెదే. పిడుదు కాటు వలన సోకు లైమ్ అను వ్యాధి ఆమెను చాలకాలము పీడించెను. అయినను 2018లో మూడవసారి ఎక్స్‌టెర్రా ప్రపంచ విజేత యయ్యెను.

ఈ వృత్తిలో నెలజీతము లేదు. గెలిచిన బహుమతి ధనము, సైకిళ్లు బూట్లు మొదలగునవి చేయు కంపెనీల ఆదరణ, ఇతరులకు శిక్షణ నిచ్చుట, ఇవియే ఆదాయము. ఎముక విరిగినచో ఆదాయమును విరుగును. అట్టి సంపాదనలో కొంత భాగమును లెస్లీ ఏటేట ఒక పుస్తకము కొరకు వెచ్చించెను.

ఆ పుస్తకము ఎరిక్ మరియా రెమార్క్ అను జర్మను రచయిత నవల; 1929లో వెలువడెను. 'ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' అను ఆంగ్లనామముతో లోకప్రసిద్ధము. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, ఉపాధ్యాయుని ఉద్బోధలు నమ్మి బడి విడిచి సైన్యమున చేరిన విద్యార్థుల కథ యది. 1933లో నాజీలు దీనిని మంటల పాలు చేసిరి. లెస్లీయు, సహరచయిత ఇయాన్ స్టోకెల్‌యు 2006లో దీనిని చలనచిత్రముగా తీయు హక్కును సంపాదించిరి. అది శాశ్వతమైన హక్కు కాదు. గడువు తీరినప్పుడెల్ల మరల సొమ్ము చెల్లించవలెను. చెల్లింపు తప్పినచో హక్కు ఇతరులకు పోవచ్చును. చిత్రము తీయువారు దొరకకయే పదియేండ్లు దాటెను. ఆ పదునారేండ్లలో వెచ్చించినది సుమారు రెండు లక్షల డాలర్లని ఆమె చెప్పియున్నది.

2015లో మరల చెల్లింపు గడువు వచ్చెను. చేతిలో సొమ్ము లేదు. కోస్టారికాలో ఒక పోటీ యుండెను. గెలిచిన గాని హక్కు నిలువదు. పోటీకి ముందునాడు సైకిలు మీది నుండి పడి ఆమె భుజపు టెముక విరిగెను. క్రీడాకారుల మనస్తత్వమును పరిశీలించు శాస్త్రజ్ఞుడైన భర్త ఒంటిచేతి ఈతను ప్రయత్నింపుమనెను. మరునాడామె ఒంటిచేత ఈది, చాల వెనుకబడి ఒడ్డు చేరి, సైకిలు మీదను పరుగునను ఒక్కొక్కరిని దాటి, ఆ పోటీ గెలిచెను. హక్కు నిలిచెను. విరిగిన ఎముకతో పరుగెత్తుట ఎవరికిని ఆదర్శమని మేము చెప్పము. ఆ పుస్తకము ఆమెకు ఎంత ప్రియమో చెప్పుటకే దీని నిచ్చట వ్రాసితిమి.

తొలుత ఆంగ్లమున వ్రాసిన చిత్రకథను జర్మనీలో పుట్టిన దర్శకుడు ఎడ్వర్డ్ బెర్గర్ జర్మను భాషలోనికి మార్చి 2022లో చిత్రము తీసెను. 1930లో అమెరికావారు తీసిన ప్రసిద్ధ చిత్రము ఆంగ్లభాషలోనిది. ఈ కథ తన పుట్టుభాషలో వెండితెర కెక్కుటకు నవల వెలువడిన తరువాత తొంబది యేండ్లకు పైగా పట్టెను. పరభాషా ప్రాంతమున తెలుగు బడి నడుపుకొనుచున్న మనకు దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2023లో ఈ చిత్రము బ్రిటిషువారి బాఫ్టా బహుమతులు ఏడింటిని గెలిచెను. అందొకటి చిత్రకథకు గాను లెస్లీ, స్టోకెల్, బెర్గర్‌లకు కలిపి ఇచ్చినది. ఆ యేటి మార్చి నెలలో ఆస్కార్ బహుమతులు నాలుగు వచ్చెను. మన తెలుగు పాట 'నాటు నాటు'కు ఆస్కార్ లభించినదియు ఆ రాత్రియే.

ఈ చరిత్రను చదివి బిడ్డలందరును విజేతలగుదురని భ్రమపడనక్కరలేదు. వేలమంది పరుగెత్తుదురు, బహుమతి కొందరికే. మేము గమనింపగోరునది వేరు. ఆట ఆమెను విడిచిన నాడు చదువు ఆదుకొనెను. చదువు వలన కలిగిన కోరికను నిలుపుకొనుటకు ఆట అన్నము పెట్టెను. రెండింటిలో ఏ ఒక్కదానిని చిన్ననాడే త్రుంచివేసియున్నను రెండవదియు నిలిచెడిది కాదు. ఈతలో ఆమె కొరత ఎన్నడును పూర్తిగా తీరలేదు; ఆ కొరత ఉన్నను గెలువదగిన దారిని ఆమె వెదకుకొనెను.

తొమ్మిదవ తరగతి రాగానే బిడ్డ చేతిలోని బంతిని గాని, రంగుల కుంచెను గాని, నాటకపు పుస్తకమును గాని లాగుకొనుటకు ముందు ఒక్క క్షణ మాలోచింపుడని తలిదండ్రులకు మా విన్నపము. చదువుటకు వేళ నియమింపుడు. ఆడుటకును వేళ నియమింపుడు. ఒక తలుపు మూసికొన్న నాడు, లెస్లీ తండ్రి వలె, బిడ్డకు మరియొక దారి చూపుడు. రేపు ఏది దేనిని పోషించునో నేడు మనకు తెలియదు.