ఇంట్లోనే కాన్పు అనుకుంటున్నారా? ఆ రెండు గంటలే కీలకం.. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కుటుంబాలు తెలుసుకోవాల్సింది ఇదే!

"ఇంట్లోనే హాయిగా కాన్పు అయిపోయింది.. కుట్లు లేవు, బిల్లు లేదు" అని చెప్పే రీల్స్ మీరూ చూసే ఉంటారు. నీళ్ల టబ్, చిన్నగా పాట, పక్కన భర్త.. రెండు నిమిషాల్లో బిడ్డ చేతుల్లో ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ వీడియో ఎక్కడ ఆగిపోతుందో గమనించారా? బిడ్డ ఏడవగానే కట్. తల్లికి అసలు గండం చాలాసార్లు మొదలయ్యేది ఆ తర్వాతే.

2018లో తమిళనాడులోని తిరుప్పూర్‌లో ఇదే జరిగింది. యూట్యూబ్ వీడియోలు చూసి ఇంట్లో కాన్పుకు సిద్ధమైన ఓ యువతి.. బిడ్డ పుట్టాక రక్తస్రావంతో చనిపోయింది. 2025 ఏప్రిల్‌లో కేరళలోని మలప్పురంలో ఐదో కాన్పు ఇంట్లోనే చేసుకున్న మహిళ కూడా రక్తం పోయే ప్రాణం కోల్పోయింది. రెండు కేసుల్లోనూ భర్తలు అరెస్టయ్యారు.

మరి మన దగ్గర పరిస్థితి ఏంటి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అంటే వందలో మూడు మాత్రమే బయట. అందులో కావాలని ఇంట్లో ఉన్నవాళ్లు వేరు, దారి లేక ఉండిపోయినవాళ్లు వేరు. ఈ రెండింటినీ కలిపి "జనానికి అవగాహన లేదు" అనేయడం మాత్రం అన్యాయం.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు పుట్టినవే ఈ మూడు జిల్లాలు. కానీ ముగ్గురి కథా ఒకటి కాదు. జనగామ హైవే మీద, రైల్వే లైన్ మీద ఉంది. హైదరాబాద్‌కైనా వరంగల్‌కైనా బండి దొరుకుతుంది. మహబూబాబాద్‌లో టౌన్ దాటి గంగారం, కొత్తగూడ వైపు వెళ్తే అడవి, తండాలు, కోయగూడేలు. భూపాలపల్లిలో పలిమెల, మహాముత్తారం సంగతీ అంతే. వానాకాలం వాగు పొంగితే ఆంబులెన్స్ అవతలి ఒడ్డునే ఆగిపోతుంది. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మొత్తం నీళ్లలో చిక్కుకుంది. జనం ఇళ్ల కప్పులెక్కారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అలాంటి రాత్రి నొప్పులొస్తే ఇంట్లో కాన్పును 'ఎంపిక' అని ఎలా అంటాం?

దారి ఉండీ ఇంట్లోనే ఉంటామనేవాళ్ల మాట కూడా వినాలి. వాళ్లది ఉత్త మొండితనం కాదు. అడిగితే మొదట వచ్చే మాట.. "పోతే కోసేస్తరు". ఆ భయానికి లెక్క ఉంది. అదే సర్వేలో రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా 44.5 శాతం. పొలం పనికి, కూలికి పోయే మనిషి ఆపరేషన్ తర్వాత నెలల తరబడి బరువెత్తలేకపోతే ఆ ఇల్లు ఎట్లా నడవాలి? దానికి తోడు లేబర్ రూమ్‌లో కసుర్లు, ఒంటరిగా పడుకోబెట్టడం. ఇవన్నీ నోటి మాటగా ఊరంతా తిరుగుతాయి. సిజేరియన్లను ఈ స్థాయికి తెచ్చిన వ్యవస్థ, ఇప్పుడు ఆడవాళ్లు భయపడుతున్నారని వాళ్లనే తప్పుపట్టడం వింతే.

ఇక పెద్దవాళ్ల మాట.. "మా కాలంలో అందరం ఇంట్లోనే కన్నాం, ఏమైంది?" నిజమే, కన్నారు. కానీ ఆ మాట చెప్పడానికి మిగిలినవాళ్లే మనకు చెబుతున్నారు. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష మంది బిడ్డలు పుడితే 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43కి పడిపోయింది.

ఇంతకీ ఇంట్లో ఏం తేడా కొడుతుంది?

చాలా కాన్పులు ఏ ఇబ్బందీ లేకుండానే అవుతాయి. సమస్యల్లా.. ఎవరికి తేడా కొడుతుందో ముందే చెప్పలేకపోవడం. రక్తం బాగుండి, బీపీ, షుగర్ లేని మనిషికి కూడా బిడ్డ బయటికొచ్చాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోవచ్చు. మాయ ముక్క లోపల ఉండిపోవచ్చు. అరలీటరు దాటి రక్తం పోయిందంటే డేంజరే. రక్తం ధారగా పోతుంటే, వైద్యం అందకపోతే, రెండు గంటల్లోపే ప్రాణం పోవచ్చు. ముందే రక్తహీనత ఉంటే అంత టైమ్ కూడా ఉండదు.

ఆసుపత్రిలో అయితే బిడ్డ పుట్టిన నిమిషంలోనే తల్లికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. గర్భసంచి ముడుచుకునేలా చేసేది అదే. ఆ మందును చల్లగా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఇంట్లో ఎవరి దగ్గర ఉంటుంది? బిడ్డ సంగతీ అంతే. పుట్టగానే ఏడవకపోతే మొదటి నిమిషంలోనే శ్వాస అందించాలి. మంత్రసానికి ఎంత అనుభవం ఉన్నా చేతిలో రక్తం బాటిల్ ఉండదు కదా.

"ఫారిన్‌లో ఇంట్లోనే కంటున్నారు కదా" అనే కామెంట్ ప్రతి వీడియో కిందా ఉంటుంది. అక్కడి లెక్కా చూద్దాం. ఇంగ్లండ్‌లో 2011లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రమాదం తక్కువగా ఉన్న గర్భిణులనే తీసుకుంది. రెండో కాన్పు, ఆపై వాళ్లకు ఇల్లయినా, ఆసుపత్రి అయినా బిడ్డకు పెద్ద తేడా కనిపించలేదు. తొలి కాన్పు వాళ్లలో మాత్రం బిడ్డకు తీవ్ర సమస్యలు ఆసుపత్రిలో వెయ్యికి 5.3 ఉంటే, ఇంట్లో 9.3. పైగా ఇంట్లో మొదలుపెట్టిన తొలి చూలు వాళ్లలో 45 శాతం మందిని కాన్పు మధ్యలోనో, అయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించారు. అది కూడా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ మందులతో పక్కనే ఉండి, పిలిస్తే ఆంబులెన్స్ వచ్చే చోట!

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. ఇది చాలామంది పట్టించుకోని పాయింట్. అత్తగారింటి దగ్గర ఆశా కార్యకర్తకు ఆ అమ్మాయి గురించి అన్నీ తెలుసు. పుట్టింటికి వెళ్లగానే అక్కడి వాళ్లకు ఏమీ తెలియదు. అందుకే ఊరు మారిన వారంలోనే మదర్ కార్డు తీసుకుని పుట్టింటి ఊరి ఏఎన్ఎంను కలవండి.

మరి కోత భయం సంగతి? దానికి జవాబు ఇల్లు కాదు.. మిడ్‌వైఫ్. 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ సాయంతో కరీంనగర్‌లో తెలంగాణ ప్రభుత్వం 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. నొప్పులు పడుతున్నప్పుడు పక్కనే ఉండటం, నడిపించడం, తొందరపెట్టకుండా ఆగడం వాళ్ల పని. మీ ఏరియా ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ ఉన్నారా అని ఐదో నెలలోనే అడగండి. సిజేరియన్ అంటే "ఎందుకు? ఇంకాసేపు ఆగితే ఏమవుతుంది?" అని అడిగే హక్కు మీకుంది. లేబర్ రూమ్‌లోకి తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. అమ్మనో అక్కనో వెంట ఉంటే సగం భయం అక్కడే పోతుంది.

ఖర్చు మాటకొస్తే, 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు ఫ్రీ. సిజేరియన్ అయినా, మందులైనా, రక్తమైనా, రానుపోను బండి అయినా పైసా కట్టక్కర్లేదు. 2022లో ములుగు అదనపు కలెక్టర్‌గా ఉన్న ఇలా త్రిపాఠి ప్రసవించింది కూడా భూపాలపల్లి ప్రభుత్వ ఆసుపత్రిలోనే.

వాగు అవతల ఊళ్లవాళ్లు మాత్రం నొప్పుల దాకా ఆగొద్దు. డేట్‌కు వారం, పది రోజుల ముందే ఇవతలి ఒడ్డున చుట్టాలింటికో, ఆసుపత్రికో చేరిపోవాలి. ఆ ఏర్పాటు చూడాల్సింది అధికారులే. కానీ ఏఎన్ఎంకు ముందే చెబితేనే కదిలే అవకాశం ఉంటుంది. చెకప్‌లకు 102, ఎమర్జెన్సీకి 108.

ఒకవేళ కాన్పు ఇంట్లోనే అయిపోతే? దాచిపెట్టకండి. ఇంట్లో కన్నందుకు తల్లికి శిక్ష వేసే చట్టమేమీ లేదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బొడ్డుకు పసుపు, బూడిద రాయకండి. బిడ్డను పొడి గుడ్డతో తుడిచి తల్లి ఒంటికి ఆనించి, పాలు పట్టించండి. 24 గంటల్లోపు హెపటైటిస్-బి టీకా పడాలి. 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర జననం నమోదు చేయించండి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరాలన్నా, ఆధార్ తీయాలన్నా ఆ బర్త్ సర్టిఫికెటే ఆధారం. ఆసుపత్రిలో పుడితే ఆ సమాచారం వాళ్లే పంపుతారు. ఇంట్లో పుడితే ఇంటి పెద్దే వెళ్లి చెప్పాలి.